కదిలినంత అన్నం

తుంటి విరిగి ఆసుపత్రి మంచం ఎక్కిన పదకొండో రోజుకి తవిటినాయుడు, మూడు పూటలా కడుపునిండా తింటూనే, నాలుగు కిలోలు తగ్గాడు.

ఆ సంగతి మొదట కనిపెట్టింది అతని భార్య దమయంతి. ఒళ్ళు తుడుస్తుంటే మొలతాడు కింద నాలుగు వేళ్ళు దూరాయి. ఎముక అతుక్కునే రోజుల్లో మామూలు కంటే ఎక్కువ తిండి కావాలని డాక్టరు చెప్పాడని ఆమె పొద్దున గుడ్లు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం పాలు తెచ్చి దగ్గరుండి తినిపిస్తోంది. తిన్నదంతా ఎటు పోతోందో అర్థంకాక ఆడపడుచుకి ఫోన్ చేసింది.

"వదినా, మీరొకసారి రండి. మీ తమ్ముడు కరిగిపోతన్నారు."

ప్రయోగశాలలో డాక్టర్ లెంక ఇందుమతి ఫోన్ పెట్టేసి, చేతిసంచీ అందుకుంది. ఎటు పోతోందో ఆమెకు తెలుసు. తమ్ముడి పేగులో ఆ తిండిని ఆపుతున్నది ఆమె చేసిన పొరే.

విశాఖలో మధురవాడ కొండ పక్కనున్న ఆ ప్రయోగశాలలో ఇందుమతి పద్నాలుగేళ్ళు కష్టపడి తయారు చేసిన పొర అది. పేరు 'మితం'. జీవకణాలతో పెంచిన ఆ సన్నని పొరను గొట్టం ద్వారా నోట్లోంచి దింపి, చిన్నపేగు మొదట్లో రెండడుగుల మేర అతికిస్తారు. కాలికి ఒక కడియం తొడుగుతారు. మనిషి ఆ రోజు ఎంత కదిలాడో కడియం చెబుతుంది. దాన్నిబట్టి ఎన్ని కేలరీలు రక్తంలోకి వదలాలో పొర చూసుకుంటుంది. మిగిలిన తిండి ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది.

తవిటినాయుడు పోర్టులో క్రేన్ ఆపరేటర్. అద్దాల గదిలో ఎనిమిది గంటలు కూర్చునే ఉద్యోగం. ముప్పై ఎనిమిదేళ్ళకే నూట ఇరవై ఆరు కిలోలయ్యాడు. తిండి తగ్గించమంటే నాలుగు రోజులు పస్తులుండేవాడు, అయిదో రోజు రెట్టింపు తినేవాడు.

"నువ్వు రోజూ ఒకేలాగ కదలవురా. డ్యూటీ ఉన్న రోజు కుర్చీ దిగవు, సెలవు రోజు పిల్లల వెంట పరిగెడతావు. తినేది మాత్రం రోజూ ఒకటే. తేడా అక్కడ వస్తోంది," అని ఇందుమతి చెప్పేది.

"ఆ లెక్కలన్నీ నాకెక్కడ తెలుస్తాయప్పా? నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అన్నాడు తమ్ముడు. అలా శాశ్వత పొర వేయించుకున్న పదకొండు మంది తొలి వాలంటీర్లలో మొదటివాడయ్యాడు. పద్నాలుగు నెలల్లో నలభై రెండు కిలోలు తగ్గాడు. ఇంకో తొమ్మిది తగ్గితే పొరే తనంతట లెక్క సమానం చేసుకుని, ఆ బరువును అలాగే నిలబెడుతుంది. సరిగ్గా ఆ సమయంలో బైకుకి ఆవు అడ్డం వచ్చింది.

ఇందుమతి ఆసుపత్రికి చేరేసరికి తవిటినాయుడు గోడవైపు చూస్తూ పడుకున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. ఇందుమతి అతని చీలమండకున్న కడియం నుంచి వివరాలు తన ఫోన్‌లోకి తీసుకుంది. ఆమె అనుకున్నదే. కదలిక లేదని పొర మొదటి రోజు కొంచెం బిగిసింది. అంతవరకూ ఆమె రాసిన లెక్క ప్రకారమే. ఆపైన జరిగింది ఆమె రాయనిది. రోజుల తరబడి కబురు అందకపోయేసరికి కణాలు వాటంతటవే ఒక్కొక్క దారీ మూసుకుంటూ పోయాయి. తిన్న దానిలో అయిదో వంతు కూడా లోపలికి వెళ్ళడం లేదు.

ఇన్నేళ్ళలో ఆమె పరీక్షించిన ఎలుకలన్నీ బోనులో పరుగెత్తేవే. మనుషులందరూ నడిచేవాళ్ళే. పది రోజులు కదలని ప్రాణి మీద ఆమె ఎన్నడూ పరీక్ష చేయలేదు.

"ఆపీండి మరి," అంది దమయంతి.

"ఆపడానికి మీట లేదమ్మా."

"మీట లేకుండా ఎవరైనా చేస్తారా వదినా?"

మొదట్లో, కొన్ని వారాలకే కరిగిపోయే పాత పొరలకి, మీట ఉండేది. పెళ్ళి భోజనం ఉందని ఒకరు, పండగని ఒకరు ఆపుకుంటూ పోయారు. బరువు తగ్గలేదు. మీట తీసేసింది. అప్పుడు కడియాన్ని వేరేవాటికి కట్టడం మొదలుపెట్టారు. ఒకాయన పెంపుడు మేక కాలికి కట్టాడు. ఒకామె కుట్టుమిషను పెడల్‌కి కట్టి, పక్కన కూర్చుని పకోడీలు తింది. దాంతో ఆమె కడియానికి మనిషి నడక నేర్పింది. తొడిగిన తొలి వారంలో ఎవరి నడక నేర్చుకుంటే జీవితాంతం ఆ నడకనే నమ్ముతుంది. పొర తనతో జతచేసిన ఆ ఒక్క కడియం మాట తప్ప ఇంకేదీ వినదు. ఎవరూ మోసం చేయలేని యంత్రం చేశానని ఆ రోజు ఆమె అందరికీ మిఠాయి పంచింది.

"తీసీండి. కోసైనా తీసీండి," దమయంతి గొంతు పెరిగింది.

"పేగుతో కలిసిపోయిందమ్మా. ఆ రెండడుగుల పేగూ తీసేయాలి. ఇప్పుడున్న ఒంటితో అంత ఆపరేషన్ తట్టుకోలేడని డాక్టరుగారు అంటున్నారు."

"అయితే ఏటి చేస్తారు? మీ ఎలకల్లో ఒకటనుకున్నారేటి మా ఆయన్ని?"

తవిటినాయుడు గోడ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఊరుకో దమయంతీ. అప్ప నన్ను అడిగే పెట్టింది."

ఆ మాట ఇందుమతికి తిట్టుకంటే ఎక్కువ తగిలింది. అడిగిన మాట నిజమే. కదల్లేకపోతే ఏమవుతుందో చెప్పలేదు. ఆమెకే తెలియదు.

మెడ దగ్గర నరంలోకి గొట్టం వేసి పోషకద్రవం ఎక్కించారు. వారం రోజులు ఊపిరి పీల్చుకున్నారు. ఎనిమిదో రోజు ఆ గొట్టం దారినే చీము చేరి, నూట నాలుగు జ్వరం వచ్చింది. గొట్టం తీసేయక తప్పలేదు. మళ్ళీ వేయాలంటే కనీసం మూడు వారాలు ఆగాలన్నాడు డాక్టరు. మూడు వారాలు తమ్ముడు ఉంటాడన్న నమ్మకం ఇందుమతికి లేదు.

అతని కాలి కడియం విప్పి ప్రయోగశాలకి తీసుకెళ్ళింది. ఒక మోటారుకి రబ్బరు పాదం బిగించి, తవిటినాయుడి పాత నడక వివరాలన్నీ అందులో పెట్టి ఆడించింది. కడియం ఎర్ర దీపం చూపించింది. మోటారు వేసే అడుగులన్నీ ఒకేలా ఉన్నాయి. మనిషి ఏ రెండు అడుగులూ ఒకేలా వేయడు. అడుగుల్లో కావాలని తేడాలు కలిపింది. అయినా ఎరుపే. కడియానికి చర్మం వేడి కావాలి, నాడి కొట్టుకోవాలి. మనిషే కావాలి.

మర్నాడు పొద్దున ఆసుపత్రి వరండాలో కడియం తన కాలికి తొడుక్కుంది. కడియం నుంచి పొరకి కబురు ముప్పై అడుగుల దూరం వరకే అందుతుంది. అందుకని తమ్ముడి మంచం కనిపించే కిటికీ ముందు అటూ ఇటూ తిరగాలి. తవిటినాయుడి నడక అందరికీ తెలిసిందే. ఎడమ పాదం కాస్త బయటికి తిరిగి ఉంటుంది, మడమ ఈడుస్తాడు. ఇందుమతి అలాగే నడవబోయింది. ఎరుపు. తమ్ముడి పాత వీడియోలు చూసి నడిచింది. ఎరుపు. దమయంతి నడిచింది, పోర్టులో అతని స్నేహితుడొకడు వచ్చి నడిచాడు. దీపం రంగు మారలేదు. వరండాలో కూర్చున్న రోగుల బంధువులు మొదటి రోజు నవ్వారు, మూడో రోజు నవ్వడం మానేశారు.

తొమ్మిదో రోజున తవిటినాయుడు మంచం మీంచి చూస్తూ చూస్తూ చెయ్యి ఊపాడు. ఇందుమతి లోపలికెళ్ళింది. మాట్లాడటానికి అతనికి ఓపిక చాలడం లేదు.

"మడమ ఈడవడం కాదప్పా. చెప్పు జారిపోకుండా పట్టుకోవాలి."

"ఏ చెప్పురా?"

"నీ చెప్పులే. చిన్నప్పుడు నీకు పొట్టివైపోయిన చెప్పులు నాకిచ్చేవోరు కాదా. నీకూ నాకూ ఎనిమిదేళ్ళు తేడా. అవి నా కాలికి ఎంత పెద్దవో నీకేటి తెలుసు? బడికి రెండు మైళ్ళు. వేళ్ళు బిగబట్టి, జారిపోకుండా ఈడ్చుకుంటా నడిచేవోణ్ణి. అదే అలవాటైపోనాది."

ఇందుమతి అతని ముఖంలోకి చూసింది. ఆ నడకని ఆమె ముప్పై ఏళ్ళకు పైగా చూస్తోంది. ఒకప్పుడు వెక్కిరించింది కూడా. తొడిగిన తొలి వారం దాన్ని కొలిచి, అంకెలుగా రాసి, గ్రాఫులు గీసింది. ఎందుకలా నడుస్తాడని ఎన్నడూ అడగలేదు.

బయటికెళ్ళి కూడలిలో ఒక దుకాణంలో మగవాళ్ళ చెప్పులు, తన కాలికంటే నాలుగు సైజులు పెద్దవి, కొనుక్కొచ్చింది. వేళ్ళు బిగబట్టి నడిచింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి వెనక్కి తిరిగేసరికి దమయంతి కిటికీలోంచి అరిచింది.

"వదినా! పచ్చ!"

ఆ పూట తవిటినాయుడు తిన్న ఇడ్లీ ఒంటికి పట్టింది.

అయిదో వారంలో అతన్ని గాజువాకలో వాళ్ళ ఫ్లాట్‌కి తీసుకొచ్చారు. హాల్లో మంచం వేశారు. ఇందుమతి బట్టల సంచీతో వచ్చేసింది. మంచం చుట్టూ తిరిగి, వంటింట్లోకి వెళ్ళి, కిటికీ పక్కనుంచి మళ్ళీ హాల్లోకి. ఒక చుట్టుకి నలభై ఒక్క అడుగులు. ఎముక అతకడానికి కావలసిన తిండి లోపలికి వెళ్ళాలంటే రోజుకి పద్నాలుగు వేల అడుగులు పడాలి. అతను తినే ముందు ఒక గంట, తిన్నాక రెండు గంటలు. ఆ మూడు గంటల్లో పది నిమిషాలు ఆగితే పొర బిగుసుకోవడం మొదలుపెడుతుంది. పెద్ద చెప్పులతో దమయంతికి కూడా నడక పట్టుబడింది కానీ, ఆమె నడిస్తే రెండడుగులకి ఒకటే లెక్కకొచ్చేది. ఆమె వంట చేసే వేళ, పిల్లల్ని బడికి పంపే వేళ ఇందుమతే నడవాలి. నలభై ఏడేళ్ళ మోకాళ్ళు రెండో వారానికే వాచాయి. ప్రయోగశాల నుంచి వచ్చే ఫోన్లన్నీ నడుస్తూనే మాట్లాడింది. తల దువ్వుకోవడం కూడా నడుస్తూనే.

"నాకు తినబుద్ధి కావట్లేదప్పా," అన్నాడు తవిటినాయుడు ఒక మధ్యాహ్నం, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని. "నేను నవులుతుంటే నువ్వు తిరుగుతున్నావు. గానుగెద్దుని చూసినట్టుంది."

"తిను. మాట్లాడకు."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు లేచేదాకా."

"లేచినాక? డెబ్బయ్యేళ్ళొచ్చి మంచాన పడితే అప్పుడెవరు తిరుగుతారు?"

ఇందుమతి వంటింట్లోకి తిరిగింది. ఆ ప్రశ్న ఆమెకి వారం రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. ఈ తమ్ముడి గురించి ఒక్కటే కాదు. ఇంకా పదిమంది ఉన్నారు. వచ్చే నెల అమ్మకం మొదలైతే నాలుగు వేలమంది చేరబోతున్నారు.

ఆ వారమే, మితాన్ని అమ్మబోతున్న కంపెనీ డైరెక్టరు బెహరా శశిధర్ ఆ ఫ్లాట్‌కి వచ్చాడు. తవిటినాయుడు భోజనం చేస్తున్న వేళ. శశిధర్‌ని సోఫాలో కూర్చోబెట్టి దమయంతి మజ్జిగ ఇచ్చింది. ఇందుమతి ఆగలేదు. అతను తల తిప్పుకుంటూ మాట్లాడవలసి వచ్చింది.

"ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి మేడమ్."

"కూర్చుంటే వాడికి అన్నం పట్టదు. చెప్పండి, వింటున్నాను."

"మీ ఉత్తరం చూశాను. అమ్మకం ఆపమన్నారు. లైసెన్సు వచ్చేసింది, తేదీ ప్రకటించాం. ఇదొక అరుదైన సందర్భం. మితంతో పాటు ఇచ్చే కాగితంలో ఒక వాక్యం చేరుద్దాం. 'దీర్ఘకాలం మంచంలో ఉండవలసి వస్తే వైద్యుణ్ణి సంప్రదించండి' అని."

ఆమె వంటింట్లోకి వెళ్ళి తిరిగి వచ్చింది. "వైద్యుడు ఏం చేస్తాడు శశిధర్‌గారూ? వాడికి చేసిన వైద్యం చూశారుగా."

"తరువాతి రకంలో మీట పెడదాం."

"ఈ రకం వేసుకున్నవాళ్ళు?"

అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "మీరు సంతకం చేసిన ఒప్పందంలో, కంపెనీ అనుమతి లేకుండా బయట మాట్లాడకూడదని ఉంది. నేను బెదిరించడం లేదు. గుర్తు చేస్తున్నాను." లేచి నిలబడి, మంచం మీద తవిటినాయుణ్ణి, మంచం చుట్టూ తిరుగుతున్న ఇందుమతినీ చూశాడు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

అయినా ఆమె ఆ రోజు ఏమీ చేయలేదు. పద్నాలుగేళ్ళ పని అది. ఒక్క మార్పుతో సరిచేయవచ్చేమోనని, ఆ మార్పేదో తడుతుందేమోనని తిరుగుతూనే ఆలోచించింది. నలభై ఒక్క అడుగులు, మళ్ళీ నలభై ఒక్క అడుగులు. ఆలోచన కూడా మంచం చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది.

మూడో రోజు పొద్దున ఫోన్ మోగింది. వాలంటీర్లలో ఏడో మనిషి, గరికిన నీలవేణి. భీమిలిలో చేపలమ్మే మనిషి. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు నిలవలేదు. బరువు తగ్గితే ఆశ ఉందని డాక్టరమ్మ అంటే మితం వేయించుకుంది. ముప్పై కిలోలు తగ్గాక కడుపు నిలిచింది. ఆ కబురు చెప్పడానికి అప్పట్లో రొయ్యల డబ్బాతో ప్రయోగశాలకి వచ్చింది.

"అమ్మగోరూ, నాకు ఆరో నెల. మాయ కిందికి జారినాదంట, కదిలితే బిడ్డ దక్కదంటన్నారు. కానుపయ్యేదాకా మంచం దిగొద్దన్నారు. నాను పడుకుంటే ఈ కడియం ఏటనుకుంటాదండీ? బిడ్డకి తిండి ఎళ్తాదా?"

ఇందుమతి నడక ఆగిపోయింది. ఎన్ని నిమిషాలు నిలబడిందో, "అప్పా" అని తమ్ముడు పిలిచేదాకా ఆమెకి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం దమయంతి కాలికి కడియం తొడిగి, ఇందుమతి హాల్లో నేల మీద కూర్చుని లైసెన్సు ఇచ్చిన అధికారులకి ఉత్తరం రాసింది. పొర ఎక్కడ తప్పిందో, తను ఏ పరీక్ష చేయలేదో, మీట ఎందుకు తీసేసిందో, తమ్ముడి బరువు రోజువారీగా ఎలా పడిందో, ఏదీ దాచకుండా రాసి సంతకం చేసింది. దాని నకలు విలేకరులకి పంపింది. మిగిలిన వాలంటీర్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, జ్వరమొచ్చినా సరే రోజుకి రెండు వేల అడుగులు తప్పక వేయమని చెప్పింది. ఒకతను, "జీవితాంతమా మేడమ్?" అని అడిగాడు. "కోసి తీసేదాకా," అని చెప్పింది.

అమ్మకం ఆగింది. ప్రయోగశాలకి తాళం పడింది. కంపెనీ ఆమె మీద దావా వేసింది. ఆ కాగితం అందుకున్నప్పుడు కూడా ఆమె నడుస్తూనే ఉంది.

ఉత్తరం రాసిన మర్నాడే, తమ్ముడి కడియం దమయంతికి అప్పగించి భీమిలి వెళ్ళింది. సముద్రానికి రెండు వీధుల ఇవతల పెంకుటిల్లు. నీలవేణి మంచం కాళ్ళవైపు ఇటుకలు ఎత్తుపెట్టి ఉంది. ఆమె మొగుడు పోలిరాజు వేట మానేసి ఇంట్లోనే ఉన్నాడు. ఎండకి నల్లబడ్డ, పొడుగాటి మనిషి.

ఇందుమతి నీలవేణి పాత వీడియో ఫోన్‌లో తెరిచి, నేర్చుకోవడానికి రోజులు పట్టవచ్చని, విసుగు చెందవద్దని, తనకి తొమ్మిది రోజులు పట్టిందని చెప్పడం మొదలుపెట్టింది. పోలిరాజు ఆ ఫోన్ వైపు చూడనేలేదు.

"అయ్యన్నీ ఎందుకమ్మా? అది ఎలా నడుత్తాదో నాకు తెల్దేటి?"

కడియం తీసుకుని తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, మెడ నిటారుగా పెట్టి, కుడి చెయ్యి కొంచెం పైకెత్తి, నడుం ఆడిస్తూ గబగబా నడిచాడు. "తలమీద గంప దించీసినా ఉన్నట్టే నడుత్తాదండి. ఎడం కాలు ముందేత్తాది. మలుపులో చిన్నగా ఆగుతాది, గంపలో నీళ్ళు కారిపోకుండా."

పన్నెండో అడుగుకి పచ్చ దీపం వెలిగింది.

"ఓలమ్మో, నాను అలాగ నడుత్తానేటి?" మంచం మీంచి నీలవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వొద్దని, కదలొద్దని మొగుడు నడుస్తూనే కసిరాడు. ఇందుమతి ఫోన్‌లో వీడియో ఆపేసి బయటికొచ్చి, అరుగు మీద కూర్చుంది.

తవిటినాయుడు పదకొండో వారంలో వాకర్ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కడియం తన కాలికి తనే తొడుక్కుని, మంచం చుట్టూ మొదటి చుట్టు వేశాడు. పూర్తిగా కోలుకున్నాక పేగు కోసి పొర తీస్తామని డాక్టర్లు చెప్పారు. ఆ తరువాత బతికినంతకాలం కొంచెం కొంచెంగా ఆరు పూటలు తినాలట. "మంచం చుట్టూ ఎవరూ తిరగక్కర్లేదు కదా. చాలు," అన్నాడు.

నీలవేణికి ఎనిమిదో నెల సగంలో నొప్పులొచ్చాయి. కబురు తెలిసి ఇందుమతి ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆపరేషన్ జరుగుతోంది. థియేటరు గోడ పక్కన వరండాలో పోలిరాజు కాలికి కడియంతో నడుస్తున్నాడు. పొద్దున్నుంచీ ఆగలేదని, ఎవరెంత చెప్పినా కూర్చోలేదని అక్కడి ఆయా చెప్పింది.

కాసేపటికి నర్సు తువ్వాలులో చుట్టిన పసిగుడ్డుతో బయటికొచ్చింది. "ఆడపిల్ల. రెండు కిలోలుంది. తల్లి బాగానే ఉంది. ఇంక ఆగవయ్యా, బిడ్డ పుట్టేసింది కదా."

పోలిరాజు ఆగకుండానే రెండు చేతులూ చాపాడు. నర్సు అతనితో పాటు నాలుగడుగులు నడిచి బిడ్డని చేతుల్లో పెట్టింది.

"బిడ్డ పుట్టిందండీ. తల్లిని ఇప్పుడే కదా కోసినారు," అన్నాడతను, కూతురి ముఖంలోకి చూస్తూ. "లేవడానికి ఎన్నాళ్ళు పడతాదో. లేసేసరికి ఆకలేత్తాది దానికి."

వరండా చివరిదాకా వెళ్ళి, మలుపులో చిన్నగా ఆగి, వెనక్కి తిరిగాడు.